హాక్స్‌బిల్ కొండ మీది ధర్మసందేహం

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో షెనాండోవా జాతీయ ఉద్యానవనం ఉంది. పేరుకు ఉద్యానవనమే గాని అది బ్లూ రిడ్జ్ కొండల వెంట సాగే పెద్ద అడవి. అందులో హాక్స్‌బిల్, స్టోనీమ్యాన్, పినకిల్ అని మూడు శిఖరాలు. హాక్స్‌బిల్ అన్నిటికన్నా ఎత్తయినది, 1,235 మీటర్లు. ఈ మూడింటి ఉత్తరపు వాలుల్లో, ఎప్పుడో పైనుంచి విరిగిపడి పేరుకుపోయిన రాళ్ల సందుల్లో ఒక చిన్న ప్రాణి కాపురముంటుంది. నల్లని సన్నని ఒళ్లు, కొన్నింటికి వీపు పొడవునా ఎర్రని చార, తోకతో కలిపి కొలిస్తే పది సెంటీమీటర్లకు అటూ ఇటూ. భూమ్మీద దానికి ఈ మూడు కొండలు తప్ప ఇంకో చోటు లేదు. దాన్ని షెనాండోవా సాలమాండర్ అంటారు. 1989లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది.

ఇలాంటి కథల్లో దోషి ఎవరో మొదట్లోనే తెలిసిపోతుంది. గొడ్డలి పట్టినవాడో, ఆనకట్ట కట్టినవాడో, తోలు కోసం వేటాడినవాడో ఉంటాడు. ఇక్కడ అలాంటివాడు కనిపించడు. ఆ ఉద్యానవనం ఏర్పడింది 1935లో. అప్పటి నుంచీ ఆ వాలులు ప్రభుత్వ రక్షణలోనే ఉన్నాయి. అయినా ఆ సాలమాండర్ రాళ్లు దాటి అడవిలోకి విస్తరించలేకపోయింది. దీనికి కారణాన్ని 1970, 71లలో ప్రచురించిన పరిశోధనల్లో రాబర్ట్ జేగర్ అనే జీవశాస్త్రవేత్త చెప్పాడు. ఆ కారణం పొరుగున ఉన్న ఇంకో సాలమాండర్. దాని పేరు ఎర్రవీపు సాలమాండర్. అమెరికా తూర్పు అడవుల్లో, కెనడాలో విరివిగా కనిపించే జాతి. ఎవరో బయటి నుంచి తెచ్చి వదిలింది కాదు, అదీ ఆ నేలదే.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఒక ప్రాణి తన పొరుగు ప్రాణి వల్ల కనుమరుగయ్యే స్థితి వస్తే మనిషి మధ్యలోకి వెళ్లాలా? వెళితే ఎవరి తరఫున, ఏ అధికారంతో? వెళ్లకపోతే అది వివేకమా, చేతులు దులుపుకోవడమా? దీనికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. కాపాడాల్సిన ఆ ‘ఒకటి’ నిజంగా విడిగా ఉందా, లేక శాస్త్రవేత్తలు గీసిన గీత మాత్రమేనా?

సాలమాండర్లు తెలుగు నేల మీద లేవు. మన దేశంలో వాటిని చూడాలంటే డార్జిలింగ్, సిక్కిం లాంటి తూర్పు హిమాలయ ప్రాంతాలకో, ఈశాన్య రాష్ట్రాలకో వెళ్లాలి. ఆకారం బల్లిని పోలి ఉంటుంది గాని ఒంటి మీద పొలుసులుండవు. వరుసకు కప్పలకు దగ్గర. వీటిలో ప్లెథోడాన్ అనే ప్రజాతికి చెందినవి అడవి సాలమాండర్లు. వాటికి ఊపిరితిత్తులు లేవు. ఒళ్లంతా పరుచుకున్న తడి చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకుంటాయి. చర్మం ఆరిపోతే ఊపిరి ఆగిపోయినట్టే. గుడ్లు కూడా నీళ్లలో పెట్టవు, చెమ్మగా ఉన్న రాళ్ల కిందో, కుళ్లిన దుంగల్లోనో పెడతాయి. కప్పల్లాగా తోకకప్ప దశ ఉండదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి సాలమాండర్ బయటికి వస్తుంది. అందువల్ల వీటి లోకంలో సంపద అంటే చెమ్మ ఒక్కటే.

జేగర్ గమనించింది ఈ చెమ్మ పంపకాన్నే. లోతైన తడిమట్టి ఉన్న అడవి నేలంతా ఎర్రవీపుదే. అది తన జాగాను మలంతోనూ వాసనలతోనూ గుర్తు పెట్టుకుంటుంది, ఇంకొకటి వస్తే కరిచి తరుముతుంది. రాళ్ల కుప్పల మధ్య అక్కడక్కడా ఉండే కొద్దిపాటి మట్టి త్వరగా ఎండిపోతుంది. ఆ పొడిని ఎర్రవీపు తట్టుకోలేదు. షెనాండోవా సాలమాండర్ అంతకన్నా కాస్త ఎక్కువసేపు తట్టుకుంటుంది. ఆ కాస్త ఓర్పే దాని ఆస్తి. అడవి మట్టి దొరికితే అదీ హాయిగా బతకగలదు, కాని అక్కడ చోటివ్వరు. జేగర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. కాలం గడిచేకొద్దీ రాళ్లు అరిగి, ఆకులు కుళ్లి, సందులన్నీ మట్టితో నిండుతాయి. అప్పుడు ఎర్రవీపు అక్కడికీ వస్తుంది. పోటీ వల్లే ఒక జాతి అంతరించిపోయే అవకాశం ఉందని ఆయన 1970లోనే రాశాడు.

ఈ మాట నిజమైతే, ఇక్కడ జరిగేది అన్యాయం కాదు. కోట్ల సంవత్సరాలుగా ప్రాణికోటి సాగుతున్న తీరే ఇది.

ఇప్పుడు విడిగా ఉందా లేదా అన్న సంగతి చూడాలి. ఈ ప్రాణిని శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసింది 1967లో రిచర్డ్ హైటన్, రిచర్డ్ వర్తింగ్టన్. అప్పుడు దానికి సొంత హోదా ఇవ్వలేదు, ప్లెథోడాన్ రిచ్‌మండై అనే ఇంకో సాలమాండర్‌కు ఉపజాతిగా రాశారు. కొన్నేళ్లకు అక్కణ్ణుంచి తీసి వెస్ట్ వర్జీనియాలోని చీట్ మౌంటెన్ సాలమాండర్ కింద చేర్చారు. 1979లో హైటన్, ఆలన్ లార్సన్ దాని ప్రొటీన్లను పోల్చి చూసి పూర్తిస్థాయి జాతిగా ప్రకటించారు. పన్నెండేళ్లలో మూడు చిరునామాలు. ఆ కాలమంతా ఆ ప్రాణి మాత్రం అవే రాళ్ల కింద ఉంది.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హైటన్ తన జీవితమంతా ఈ అడవి సాలమాండర్లకే ఇచ్చాడు. ఆయన పద్ధతి ప్రొటీన్లను జెల్‌లో ఉంచి కరెంటు పంపడం. వేరు వేరు రూపాల్లో ఉన్న ప్రొటీన్లు వేరు వేరు వేగాలతో కదులుతాయి. కంటికి ఒకేలా కనిపించే రెండు సాలమాండర్ల లోపలి తేడా ఆ జెల్ మీద గీతలుగా బయటపడుతుంది. ఈ దారిలో వెళ్లి 1989లో ఆయన జిగట సాలమాండర్ అనే ఒక్క గుంపును పదహారు జాతులుగా విడగొట్టాడు. 2000లో రాబర్ట్ పీబాడీతో కలిసి జోర్డాన్ సాలమాండర్ గుంపును ఏడు చేశాడు. గ్రేట్ స్మోకీ కొండల్లో ఎర్రని బుగ్గలతో తిరిగే సాలమాండర్ ఒక్కదానికే చివరికి ఆ పాత పేరు మిగిలింది.

అందరూ ఒప్పుకోలేదు. డారెల్ ఫ్రాస్ట్, డేవిడ్ హిల్లిస్ 1990లో గట్టిగా అభ్యంతరం చెప్పారు. జన్యు దూరాన్ని అంకెగా లెక్కకట్టి, ఫలానా అంకె దాటితే వేరే జాతి అనడానికి ఆధారమేమిటన్నది వారి ప్రశ్న. గీత ఇక్కడే ఎందుకు, ఇంకొంచెం అటు ఎందుకు కాదు? కాలిఫోర్నియాలో ఎన్సాటినా అనే సాలమాండర్ విషయంలో ఇదే వాదం ఇంకా రసవత్తరంగా నడిచింది. ఆ రాష్ట్రం నడిమధ్య ఉన్న లోయ చుట్టూ కొండల వెంబడి అది వలయంలా వ్యాపించి ఉంటుంది. వలయంలో పక్కపక్కన ఉన్నవి ఒకదానితో ఒకటి కలుస్తాయి. దక్షిణాన వలయం రెండు కొసలూ ఎదురుపడే చోట మాత్రం చాలావరకు పరాయివాళ్లలా ఉంటాయి. 1949లో రాబర్ట్ స్టెబిన్స్ దీన్నంతా ఒకే జాతి అన్నాడు. 1998లో హైటన్ కాదు, చాలా జాతులన్నాడు. డేవిడ్ వేక్ ఒప్పుకోకుండా బదులు రాశాడు. చూస్తున్నది ఒకే ప్రాణిని, లెక్కలు మాత్రం వేరు.

మిసిసిపీ రాష్ట్రం సంగతి ఇంతకన్నా విచిత్రం. 1964లో అక్కడ బే స్ప్రింగ్స్ దగ్గర దొరికిన రెండు సాలమాండర్లు మ్యూజియం సీసాల్లోకి వెళ్లాయి. 1998లో జేమ్స్ లాజెల్ వాటిని చూసి, ఒళ్లు మరీ సన్నగా ఉంది కనుక ఇది కొత్త జాతి అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఎంత వెతికినా అలాంటిది ఇంకొకటి దొరకలేదు. పేరు పెట్టేనాటికే అంతరించిపోయిందేమోనన్న బెంగ మొదలైంది. తర్వాతి పరిశోధకులకు వేరే అనుమానం వచ్చింది. నిలవ ఉంచే ద్రావణంలో ఏళ్ల తరబడి నానితే సాలమాండర్ ఒళ్లు కుంచించుకుపోతుంది. ఆ సన్నదనం సీసాలో వచ్చిందే అయితే ఇవి అక్కడ మామూలుగా దొరికే జిగట సాలమాండర్లే. డీఎన్ఏతో తేల్చేద్దామని ప్రయత్నించినవారికి ఆ పాత శరీరంలోంచి డీఎన్ఏ దక్కలేదని 2020లో వెలువడిన పత్రం చెప్పింది. అసలు పుట్టనివాడికి తద్దినం పెట్టినట్టయిందా అన్నది ఆ ఒంటితో తేలే దారి కనిపించలేదు.

జాతి అంటే ఏమిటో తేలకుండా జాతిని కాపాడటం ఎలా అన్న ప్రశ్న ఇక్కడ వట్టి తర్కం కాదు. చట్టానికి పేరు కావాలి, పేరు లేనిదాన్ని జాబితాలో ఎక్కించలేరు.

పాశ్చాత్య దేశాల్లో జీవులకు పేర్లు పెట్టే పని మొదట దైవకార్యంగానే సాగింది. స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ దృష్టిలో జాతులంటే దేవుడు ఆదిలో చేసిన రూపాలు, వాటిని వరసలో పెట్టడమే తన పని. ఆ వరసలో సాలమాండర్లు, కప్పలు, పాములు, బల్లుల దగ్గరకొచ్చేసరికి ఆయన ముఖం చిట్లించాడు. చల్లని ఒళ్లు, పాలిపోయిన రంగు, మురికి చర్మం అని ఏకరువు పెట్టి, అందుకే సృష్టికర్త వీటిని ఎక్కువగా చేయలేదని 1758 నాటి తన గ్రంథంలో తేల్చేశాడు. ఇవాళ ఉభయచరాలే ఎనిమిది వేల జాతులకు పైగా లెక్కకొచ్చాయి. 1859లో డార్విన్ ఈ కట్టడాన్ని పునాదితో సహా కదిపాడు. ఒక రూపం మెల్లగా ఇంకో రూపంలోకి మారుతుంటే జాతికీ ఉపజాతికీ మధ్య కచ్చితమైన హద్దు ఎక్కడుంటుంది? జాతి అన్నది మన సౌకర్యానికి వాడే పేరన్నంత దూరం ఆయన వెళ్లాడు.

మన తర్కశాస్త్రంలో ఈ తగాదా అంతకన్నా పాతది. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం తరతరాలుగా సంస్కృత విద్యార్థులకు తొలి పాఠం. న్యాయ వైశేషికుల మతాన్ని అనుసరించి అందులో సామాన్యం అనే పదార్థం ఉంది. అది నిత్యం, అది ఒక్కటే, అనేక వ్యక్తులలో ఉంటుంది. ఆవులు వస్తాయి, పోతాయి, ఆవుతనం పోదు. దిఙ్నాగుడు మొదలైన బౌద్ధులు దీన్ని ఒప్పుకోలేదు. లోకంలో ఉన్నవి విడివిడి క్షణాలు, విడివిడి వ్యక్తులు. మిగతా వాటి నుంచి వేరు చేసి చూడటానికి మన బుద్ధి చేసుకున్న ఏర్పాటే ఆవుతనం. ఈ రెండు పక్షాల మధ్య శతాబ్దాల పాటు వాదోపవాదాలు నడిచాయి.

ఆ ఇద్దరినీ తెచ్చి హాక్స్‌బిల్ వాలు మీద కూర్చోబెడితే ఒక వింత కనిపిస్తుంది. నైయాయికుడి లెక్కలో సామాన్యం నిత్యం కనుక అది చావదు. చివరి సాలమాండర్ పోయినా పోయింది ఒక వ్యక్తే. బౌద్ధుడి లెక్కలో సామాన్యం అసలు లేదు కనుక అదీ చావదు. అక్కడా పోయింది ఒక వ్యక్తే. ఉందన్నవాడూ లేదన్నవాడూ చివరికి ఒకే చోటికి చేరారు, అంతరించిపోవడం అనే సంఘటనకు ఇద్దరి దగ్గరా చోటు లేదు. అది వారి తప్పు కాదు. ఒక రకం ప్రాణి మొత్తంగా భూమ్మీద నుంచి తుడిచిపెట్టుకుపోతుందన్న సంగతి యూరప్‌లోనే పద్దెనిమిదో శతాబ్దం చివరికి గాని రుజువు కాలేదు.

అంతరించిపోవడం నిజమని ఒప్పుకుంటే జాతికి పుట్టుక, చావు, ఉన్న చోటు ఉండాలి. 1974లో జీవశాస్త్రవేత్త మైఖేల్ గీసెలిన్, ఆ తర్వాత తత్వవేత్త డేవిడ్ హల్ చేసిన ప్రతిపాదన సరిగ్గా ఇదే. జాతిని లక్షణాల మూసగా చూడటం మానేయండి, అదే ఒక వ్యక్తి అనుకోండి అన్నారు. ఒక చోట మొదలై, తరం మీద తరంగా సాగి, ఎక్కడో ఆగిపోయే వంశం అది. షెనాండోవా సాలమాండర్ అంటే ఎర్రచార, సన్నని ఒళ్లు, ఇన్ని పక్కటెముకలు అనే గుర్తుల జాబితా కాదు. ఆ మూడు శిఖరాల మీద తెగకుండా వస్తున్న సంతానపరంపర. రేపు ఏదో ప్రయోగశాలలో అచ్చం అలాంటి ప్రాణినే తయారుచేసినా అది ఆ వంశం కాదు.

ఇలా చూస్తే హైటన్ వాదం, ఆయన విమర్శకుల వాదం రెండూ సరైన చోట కుదురుకుంటాయి. వంశం ఎప్పుడు రెండుగా చీలిందని చెప్పాలన్నది మనుషుల నిర్ణయం, దానిలో అభిప్రాయభేదం సహజం. వంశం మాత్రం ఎవరి నిర్ణయమూ కాదు. 1967లో ఉపజాతి అన్నప్పుడూ, 1979లో జాతి అన్నప్పుడూ ఆ కొండల మీద ఉన్నది అదే పరంపర. పేరు మారినప్పుడల్లా బాధ్యత పుట్టి చచ్చేటట్టయితే ఆ బాధ్యత పేరుకే గాని ప్రాణికి కాదు.

ఈ వంశం పట్ల మనిషికి ధర్మం ఉందని అందరికన్నా గట్టిగా వాదించినవాడు ఆ కొండల పక్క లోయలోనే పుట్టడం ఒక విశేషం. హోమ్స్ రోల్‌స్టన్ 1932లో షెనాండోవా లోయలో ఒక ప్రెస్బిటీరియన్ పాస్టర్ కుటుంబంలో పుట్టాడు. తనూ పాస్టర్‌గా వర్జీనియా కొండల్లో దాదాపు పదేళ్లు పనిచేసి, తర్వాత కొలరాడోలో తత్వశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 2003లో టెంపుల్టన్ బహుమతి అందుకున్నాడు, 2025లో కన్నుమూశాడు. ఆయన ప్రకారం ఒక ప్రాణిని చంపడం, ఒక జాతిని అంతం చేయడం ఒకే రకం పనులు కావు. మొదటిది ఒక జీవితాన్ని ఆపుతుంది. రెండోది రాబోయే పుట్టుకలన్నిటినీ ముందే ఆపేస్తుంది. వ్యక్తి అనేది జాతి తనను తాను కొనసాగించుకునే దశ మాత్రమే కనుక మన ధర్మం ముందు జాతి పట్లే అంటాడు.

తత్వవేత్త టామ్ రీగన్ దీన్ని ససేమిరా ఒప్పుకోలేదు. 1983లో వచ్చిన జంతువుల హక్కుల గ్రంథంలో ఆయన చెప్పిందేమంటే, హక్కులు వ్యక్తులకే ఉంటాయి. అరుదైన జాతిలో పుట్టినంత మాత్రాన ఒక జంతువుకు అదనపు హక్కు రాదు. సమూహం కోసం వ్యక్తిని బలిచ్చే ఆలోచన ఫాసిజానికి దారితీస్తుందని కూడా హెచ్చరించాడు. బాధ తెలిసేది ప్రాణికి గాని జాతికి కాదు కదా అన్నది మరో తత్వవేత్త పీటర్ సింగర్ పక్షం. జైనులను అడిగినా ప్రతి జీవుడూ విడిగా లెక్కే. ఇంద్రియాలను బట్టి తరతమాలున్నాయి గాని అరుదుదనాన్ని బట్టి లేవు.

ప్రళయ కథలు మాత్రం వేరే సాక్ష్యం చెబుతాయి. నోవా ఓడలోకి ఎక్కించింది జంటలను. మత్స్యావతార కథలో మనువు నావలో చేర్చింది సప్తర్షులను, సకల బీజాలను. నీట మునిగిన అసంఖ్యాకమైన వ్యక్తుల గురించి ఆ రెండు కథలూ పెద్దగా ఆలోచించవు, తెగకూడనిది వంశమేనన్నది వాటి భావన. 1996లో అమెరికాలో 1973 నాటి జాతుల రక్షణ చట్టాన్ని బలహీనపరిచే ప్రయత్నాలు జరిగినప్పుడు ఎవాంజెలికల్ క్రైస్తవుల బృందం ఒకటి ఆ చట్టాన్ని మన కాలపు నోవా ఓడగా వర్ణించి అండగా నిలిచింది.

ఓడలో ఎవరికి చోటివ్వాలో తేల్చే పని ఆ చట్టంలో నిజంగానే కొందరు మనుషులకు దక్కింది. టెనెసీలో దాదాపు పూర్తయిన టెలికో ఆనకట్టను స్నెయిల్ డార్టర్ అనే చిన్న చేప ఆపేసింది. 1978లో సుప్రీంకోర్టు చేప పక్షాన తీర్పిచ్చింది. వెంటనే కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, మినహాయింపులిచ్చే అధికారంతో ఏడుగురి సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఏ జాతి ఉండాలో ఏది పోవాలో చెప్పే ఆ సంఘానికి జనం గాడ్ స్క్వాడ్ అని పేరు పెట్టారు. 1979 జనవరిలో ఆ ‘దేవుళ్లు’ కూడా ఏకగ్రీవంగా చేప వైపే మొగ్గారు. చివరికి కాంగ్రెస్ వేరే బిల్లులో ఒక వాక్యం చొప్పించి ఆనకట్టకు దారి ఇచ్చింది. చేపను వేరే నదుల్లో వదిలి బతికించుకున్నారు, 2022లో ప్రమాద జాబితా నుంచి తీసేశారు. 2025 జనవరిలో యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం ఒక పత్రం ప్రచురించింది. స్నెయిల్ డార్టర్ విడి జాతి కాదు, స్టార్‌గేజింగ్ డార్టర్ అనే చేపకు తూర్పున ఉన్న శాఖ అన్నది దాని సారాంశం. ఆనకట్ట పక్షం వారికి ఇది విజయంలా కనిపించవచ్చు. కాని ఆ చేపల పరంపర 1978లోనూ అదే, 2025లోనూ అదే.

వంశం పట్ల ధర్మం ఉందని ఒప్పుకున్నా హాక్స్‌బిల్ చిక్కు వీడదు. ప్రకృతి సిద్ధంగా జరిగే నష్టాన్ని ఆపాలని రోల్‌స్టన్ కూడా అనలేదు. 1981, 82లలో యెల్లోస్టోన్‌లో కొండగొర్రెలకు కళ్లకలక సోకి మందలో సగానికి పైగా పోయాయి. మందు వేయవద్దని ఉద్యానవనం తీసుకున్న నిర్ణయాన్ని ఆయన సమర్థించాడు. ఆ లెక్కన జేగర్ చెప్పిన పొరుగు తగాదాలో మనిషికి పని లేదు. రాళ్లు మట్టిగా మారడం, ఎర్రవీపు ముందుకు రావడం, ఇంకో వంశం ఆగిపోవడం అన్నీ దాని మానాన జరగాలి.

అయితే జేగర్ చెప్పింది కథలో ఒక భాగమే కావచ్చు. 2018లో ఎవాన్ గ్రాంట్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ సాలమాండర్ కొండ కిందికి రాలేకపోవడానికి వాతావరణమే హద్దు గీస్తోందనడానికి ఆధారాలున్నాయి. కింద వేడి ఎక్కువ, గాలిలో తేమ తక్కువ. భూమి వేడెక్కేకొద్దీ ఆ హద్దు పైకి జరుగుతుంది. శిఖరాన ఉన్నదానికి ఇంకా పైకి వెళ్లే దారి లేదు. ఒక కొండ నుంచి ఇంకో కొండకు వెళ్లాలంటే మధ్యలో దానికి పనికిరాని వెచ్చని పల్లం.

ఈ తేడాతో ధర్మశాస్త్రం మొత్తం తిరగబడుతుంది. తరిమేది ఎర్రవీపు అయితే దోషి లేడు. తరిమేది వేడి అయితే బొగ్గు, పెట్రోలు తగలబెట్టిన ప్రతి దేశానికీ అందులో వాటా ఉంది. జోక్యం చేసుకోవాలా వద్దా అన్న ప్రశ్న మారిపోతుంది, ఎందుకంటే జోక్యం ఎప్పుడో మొదలైంది. రాళ్ల కింద తేమ ఎంత, వేడి ఎంత అని కొలిచే పరికరాలు ఇక్కడ నీతిని కూడా కొలుస్తున్నాయి. తత్వవేత్తలు సూత్రాల దగ్గర విడిపోతారు గాని ఈ కేసులో సూత్రం కన్నా ముందు కారణం తేలాలి.

పైగా ఆ కొండలు ఎన్నడూ మనిషి చెయ్యి తగలనివి కావు. ఉద్యానవనం కోసం అక్కడి నుంచి ఐదు వందలకు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. అంతకుముందు అక్కడ పొలాలు, తోటలు, పశువుల మేత, కలప కోత అన్నీ ఉన్నాయి. ఒకనాడు ఆ అడవిని నింపిన అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లు బయటి నుంచి వచ్చిన శిలీంధ్రపు తెగులుకు కూలిపోయాయి. యూరప్ నుంచి వచ్చిన స్పాంజీ చిమ్మట గొంగళిపురుగులు ఆకులు తినేసి నేలకు నీడ లేకుండా చేస్తాయి. ఇన్ని చేతులు పడిన చోట ఏది ప్రకృతి సహజం, ఏది కాదు అన్న విభజన జాతి, ఉపజాతి విభజనంత కష్టం.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, ప్రతిదానికీ ఒక ధర ఉంది. కొన్నిటిని పట్టి బందిఖానాలో పెంచవచ్చు, అప్పుడు వంశం మిగులుతుంది గాని అది పుట్టిన రాళ్లు దూరమవుతాయి. చల్లని వేరే కొండకు తరలించవచ్చు, అప్పుడు ఆ కొండ మీద ఇప్పటికే ఉన్నవాటి పని ఏమిటి? ఎర్రవీపులను ఏరి తీసేయవచ్చు. ఈ చివరి మార్గం ఊహ కాదు. పశ్చిమ అమెరికాలో చుక్కల గుడ్లగూబను కాపాడటానికి, తూర్పు నుంచి వచ్చిన బార్డ్ గుడ్లగూబలను ముప్పై ఏళ్లలో సుమారు 4,50,000 దాకా కాల్చేందుకు 2024లో ప్రభుత్వం ప్రణాళిక ఖరారు చేసింది. రీగన్ భయపడింది ఇలాంటి లెక్కకే. బార్డ్ గుడ్లగూబ అక్కడికి వలస వచ్చిందని అయినా అనవచ్చు. ఎర్రవీపు మీద ఆ నింద కూడా చెల్లదు.

ఎర్రవీపు కూడా తీసిపారేయదగ్గది కాదు. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో థామస్ బర్టన్, జీన్ లైకెన్స్ 1975లో ఒక లెక్క తీశారు. అక్కడి సాలమాండర్లన్నిటినీ కలిపి తూస్తే, గూళ్లు కట్టే కాలంలో ఆ అడవిలోని పక్షులన్నిటి బరువుకు దాదాపు రెట్టింపు వచ్చింది. వాటిలో అత్యధికం ఎర్రవీపులే. పురుగులను తిని, పాములకూ పక్షులకూ ఆహారమై అడవి నేలను నడిపేది ఈ సర్వసాధారణ ప్రాణే. అరుదైనదాని కోసం చట్టం, నిధులు, వ్యాసాలు ఉన్నాయి. మామూలుదాని కోసం ఎవరూ ధర్మసందేహంలో పడరు.

గీతల తగాదాతో పని లేకుండా జరిగిన రక్షణ కూడా ఒకటుంది. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టిన ఒక శిలీంధ్రాన్ని 2013లో గుర్తించారు. పెంపుడు జంతువుల వ్యాపారంతో అది తమ అడవుల్లోకి వస్తుందన్న భయంతో అమెరికా 2016 జనవరిలో 20 ప్రజాతులకు చెందిన 201 జాతుల సాలమాండర్ల దిగుమతిని నిలిపివేసింది. ఏ జాతికి రోగం సోకుతుందని ఒక్కొక్కటిగా తేల్చుకునేదాకా ఆగలేదు, ప్రజాతి మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంది. అందులో ప్లెథోడాన్ ఉంది, డార్జిలింగ్ సాలమాండర్ చేరిన టైలోటోట్రైటన్ కూడా ఉంది. ఆ డార్జిలింగ్ సాలమాండర్‌కూ 2015లోనే పేరు మారింది. అంతవరకు వెరుకోసస్ అనే పాత పేరుతో చెలామణీ అయినదాన్ని హిమాలయానస్ అనే విడి జాతిగా వేరుచేశారు. నిషేధం రెండింటికీ ఒకేలా వర్తిస్తుంది.

1973 చట్టం కూడా అనుకున్నంత గుడ్డిది కాదు. దాని నిర్వచనంలో జాతితో పాటు ఉపజాతికీ, వెన్నెముక ఉన్న ప్రాణుల విషయంలో విడిగా ఉన్న జనాభాకూ చోటుంది. రేపు జన్యుశాస్త్రజ్ఞులు షెనాండోవా సాలమాండర్‌ను మళ్లీ ఎవరికో ఉపజాతిని చేసినా హాక్స్‌బిల్, స్టోనీమ్యాన్, పినకిల్ మీదున్నవాటిని జాబితాలో ఉంచడానికి చట్టం అడ్డురాదు. ఎండను ఆపే క్లాజు మాత్రం అందులో లేదు. 2008లో ధ్రువపు ఎలుగుబంటిని అదే చట్టం కింద చేర్చినప్పుడు, కర్బన ఉద్గారాలను కట్టడి చేయడానికి ఈ చట్టాన్ని వాడబోమని ప్రభుత్వమే స్పష్టం చేసింది.